నాయిన చిల్లర బాకీలు

నాయిన సంవత్సరీకం అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయిన మర్నాడు అమ్మ బీరువా అడుగు నుంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. అట్ట మీద నూనె మరక. లోపల నాయిన గుండ్రటి అక్షరాలు: తేదీ, ఊరు, మనిషి ఆనవాలు, పైసలు. "14-6-98, చండూరు, వెదురుగంప ముసలమ్మ, 1.75." ఇచ్చేసిన బాకీల పక్కన "చెల్లు" అని రాసి కొట్టేశాడు. ఇవ్వనివి 61 మిగిలాయి. అమ్మ రెండుసార్లు కూడింది. 412 రూపాయల 75 పైసలు.

నాయిన 1982 నుంచి 2014 దాకా ఆర్టీసీ కండక్టరు. చిల్లర లేనప్పుడు టికెట్టు వెనకాల బాకీ రాసివ్వడం కండక్టర్లందరూ చేసేదే. దిగేటప్పుడు కొందరు అడిగి తీసుకుంటారు, కొందరు మర్చిపోయి దిగిపోతారు. ఆ డబ్బు జేబులో వేసుకోవడానికి లేదు. డ్యూటీ ఎక్కేటప్పుడు సొంత డబ్బు ఎంతుందో వే బిల్లులో, అంటే కండక్టరు లెక్కల కాగితంలో రాయాలి, దిగాక బ్యాగులో ఎక్కువ తేలితే అదీ డిపోలో కట్టేయాలి. నాయిన కట్టేసేవాడు. కట్టేసి, ఆ మనిషికి ఇవ్వాల్సింది మాత్రం తన బాకీగా ఈ బుక్కులో రాసుకునేవాడు. మళ్లీ ఎప్పుడైనా ఆ మనిషి బస్సెక్కితే తన జేబులోంచి ఇచ్చేవాడన్నమాట. ఇలాంటి పిచ్చి ఇంకొకరికి ఉందని నేను వినలేదు.

"ఇవి ఇచ్చి రావాలె" అంది అమ్మ.

వెదురుగంప ముసలమ్మ ఇంకా ఉంటుందా అమ్మా అంటే, "ఉంటే ఇస్తం, లేకుంటే ఆ తొవ్వ చూసొస్తం" అంది. కిరాణా షాపుకు పోయి రూపాయి, రెండు, ఐదు బిళ్లలు మార్చుకొచ్చింది. 75 పైసల దగ్గర కాసేపు ఆగింది. పావలా బిళ్ల 2011లోనే చెల్లకుండా పోయింది కాబట్టి 413 చేసి గుడ్డసంచిలో పోసి మూతి బిగించింది. నాకు ఆఫీసులో 4 రోజుల సెలవు మిగిలి ఉంది.

మొదటి రోజు: పానగల్లు నుంచి మర్రిగూడ

మా ఇల్లు పానగల్లులో, ఉదయ సముద్రం కట్టకు దగ్గర్లో. పొద్దున్నే ఛాయా సోమేశ్వరుడికి దండం పెట్టుకుని బయల్దేరాం. కుందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం ఇది, మూడు గర్భగుళ్లుంటాయి. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది, పొద్దుతో పాటు జరగదు, రోజంతా అక్కడే ఉంటుంది. చూడటానికి దూరాల నుంచి వస్తారు. నాయిన మాత్రం "ఆ నీడకు వీక్లీ ఆఫ్ లేదు, పాపం" అనేవాడు.

నల్లగొండ బస్టాండులో చండూరు పల్లెవెలుగు ఎక్కాం. కండక్టరు అమ్మాయి ఆధార్ చూసి ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టి ఇచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగ ఆడోళ్లకు చిల్లర బాకీ పడే పనే లేదు" అంది. నాయిన డ్యూటీ చేసే రోజుల్లోనే ఇది ఉంటే బుక్కు సగం ఖాళీగా ఉండేది.

చండూరులో వెదురుగంప ముసలమ్మ సంగతి ఎవరికీ తెలియలేదు. తెలుస్తుందని నేను అనుకోనూ లేదు. మర్రిగూడ బస్సు ఎక్కేశాం.

ఈ రూటు గురించి కొంచెం చెప్పాలి. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ వైపు భూమిలో నీళ్లే విషం. ఫ్లోరైడ్. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు వచ్చేది. మొదట పళ్ల మీద గోధుమరంగు చారలు, తర్వాత కీళ్లు బిగుసుకుపోవడం, నడుము వంగిపోవడం. చాలామంది మరగబెడితే పోతుందనుకునేవాళ్లు. మరగబెడితే నీళ్లు ఆవిరై తగ్గుతాయి కానీ ఫ్లోరైడ్ తగ్గదు, ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టిన దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఎక్కడో టాంజానియాలో కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. మన ఊరి పేరు అంత దూరం పోయిందని సంతోషపడాలో, ఏ కారణంతో పోయిందో తలుచుకుని తలదించుకోవాలో తెలియదని నాయిన అనేవాడు.

ఆయన ఈ రూటులో నైట్ హాల్ట్ బండి మీద ఏడేళ్లు చేశాడు. రాత్రి ఊర్లో బస్సు ఆపి, బస్సులోనే పడుకుని, తెల్లారి 5 గంటలకు మొదటి ట్రిప్పు. ఆ రోజుల్లో మా ఇంటి వరండా నిండా సీసాలుండేవి. ఒక్కో సీసాకు దారంతో కట్టిన చీటీ, చీటీ మీద బోరు ఎవరిదో, ఏ ఊరో. ఊళ్లవాళ్లు ఇచ్చిన నీళ్లను డ్యూటీ దిగి ల్యాబుకు ఇచ్చి, రిపోర్టు మళ్లీ ఊరికి చేర్చేవాడు. ఒకసారి నేను దాహమేసి ఒక సీసా ఎత్తబోతే నాయిన చేతి మీద కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

మర్రిగూడ మండలంలో ఆ నైట్ హాల్ట్ ఊరికి ఆటోలో పోయాం. రచ్చబండ దగ్గర ఒక పెద్దమనిషి మోకాళ్లు సగం వంచుకుని కూర్చుని ఉన్నాడు. కావాలని కూర్చున్న తీరు కాదది. ఆ మోకాళ్లు ఇక చాపుకోవు. అమ్మ నాయిన పేరు చెప్తే గుర్తుపట్టలేదు. కండక్టరు అంటే కూడా లేదు. సీసాలు అనగానే తలెత్తాడు.

"సీసాల కండక్టరా? గాయన పోయిండా?"

అమ్మ తలూపింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు. "కాగితం తెచ్చిచ్చిండమ్మా. మా బోరు నీళ్లు తాగద్దని రాసున్నది. మరి ఏం తాగాలె అంటే జవాబు లేదు. తలకాయ కిందికేసుకుని బస్సెక్కిండు."

ఆ మాట వినాలని నేను ఈ ఊరు రాలేదు. కానీ ఆయన ఆపలేదు. ఆ తర్వాత నాయిన నల్లగొండ నుంచి బడి పిల్లల కోసమని బస్సు టాపు మీద నీళ్ల క్యాన్లు తెచ్చేవాడట, వారానికి రెండుసార్లు. డ్రైవరు గునిసేవాడట. తన బస్సులో తనే లగేజీ టికెట్టు కొట్టుకుని పైసలు బ్యాగులో వేసేవాడట. "మేం నవ్వేది. నీ బస్సుకు నువ్వే టికెట్ కొట్టుకుంటవేందయ్యా అని." ఇప్పుడు సర్కారు తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లా ఇంటికే వస్తోంది. కృష్ణ నీళ్లు. ఆయన తాగుతున్నది అవే, మోకాళ్లు మాత్రం పాత నీళ్లవి.

బుక్కులో ఈ ఊరి పేరు మీద 2.50 ఉంది, "రచ్చబండ పక్క ఇల్లు" అని. తమదేనన్నాడు. అమ్మ 3 రూపాయలు అరచేతిలో పెట్టింది. ఆయన లెక్క చూసుకుని, "గట్లైతే అర్ధ రూపాయి నేనే బాకీ" అన్నాడు. ఇద్దరూ నవ్వుతుంటే నేను బుక్కులో "చెల్లు" రాశాను. నాయిన రాత కింద నా రాత బాగా లేదు.

మాల్ దగ్గర బస్సు మారి చీకటి పడ్డాక దేవరకొండ చేరాం. అమ్మ చిన్నమ్మ కూతురింట్లో జొన్నరొట్టె, చింతకాయ తొక్కు.

రెండో రోజు: దేవరకొండ నుంచి పాలమూరు

దేవరకొండ బస్టాండు ఎదుట టీ కొట్టు బాకీ 11 రూపాయలు. అది చిల్లర కూడా కాదు, నాయిన తాగిన టీలే. కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ షాపైంది, ఆ కొట్టాయన కొడుకే నడుపుతున్నాడు. అమ్మ బిళ్లలు లెక్కపెడుతుంటే ఆ అబ్బాయి స్కానర్ ముందుకు జరిపి, "ఫోన్ పే చేయండి ఆంటీ" అన్నాడు. ఎందుకిస్తున్నామో పూర్తిగా విన్నాక కాస్త సిగ్గుపడి బిళ్లలే తీసుకున్నాడు. కోట చూద్దామని నేను అంటే అమ్మ మోకాలు చూపించింది.

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. దారి పొడుగునా మోదుగులు పూసి ఉన్నాయి. ఆకు లేదు, ఒట్టి ఎరుపు. పల్లి చేలల్లో కాయ పెరుకుతున్నారు. ఒక స్టేజి దగ్గర సంచులు, చాపలు, కుక్కర్లతో నాలుగైదు కుటుంబాలు ఎక్కాయి. గుంపుమేస్త్రి ఫోన్‌లో ఎవరికో తలలు లెక్క చెప్తున్నాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ చేయి పడాల్సిందే అనేవాళ్లు. ఇప్పుడు డ్యాములు తగ్గి అపార్టుమెంట్లు వచ్చాయి, సంచులు మాత్రం అవే. ఒక పాప కిటికీ పక్క సీటు కోసం మొండికేస్తే అమ్మ లేచి ఇచ్చింది.

నాయినకు ఈ రూటు ఇష్టం. చలికాలం ముందు డ్యూటీకి వస్తే బాలానగర్ సీతాఫలాలు టికెట్ బ్యాగులో కుక్కుకొచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి రెండు మూడు పగిలి, వే బిల్లు కాగితాలకు అంటుకుని ఉండేవి. అమ్మకు టైఫాయిడ్ వచ్చిన నెలంతా నాకు జడలు ఆయనే వేశాడు. బస్సు టాపు మీద సామాను బిగించినట్టు బిగించేవాడు. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు, కనుబొమ్మలు పైకి లాగేసి ఉండేవి. టీచరు "ఎందుకే అంత ఆశ్చర్యంగా చూస్తున్నావ్" అని అడిగింది.

మధ్యాహ్నం పిల్లలమర్రికి పోయాం, ఊరికి 4 కిలోమీటర్లు. 700 ఏళ్ల చెట్టు అంటారు, 3 ఎకరాల మేర పాకింది. చెదలు పట్టి 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి, సూదులతో బొట్టుబొట్టుగా మందెక్కించారు. ఆ బొమ్మ టీవీలో వచ్చినప్పుడు నాయిన అన్నం ముందు నుంచి లేచి మరీ చూశాడు. "దానికి అటెండరుగా ఎవరుంటున్నరో" అన్నాడు. ఆయన బాధ అది. ఎందుకంటే ఆయన సగం జీవితం సర్కారు దవాఖానల్లో ఎవరికో ఒకరికి అటెండరుగా గడిచింది. 3 నెలలకోసారి రక్తం ఇచ్చేవాడు. నోటుబుక్కు చివరి పేజీల్లో ఆ తేదీలున్నాయి. 65 నిండాక ఇంక తీసుకోమన్నారని రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు.

కొమ్మల కింద ఇప్పుడు సిమెంటు దిమ్మెలు కట్టారు. అమ్మ కంచె ఇవతల నిలబడి చూస్తోంది. నిరుడు మాఘంలో దవాఖానలో సెలైన్ ఎక్కుతుంటే నాయిన ఆ సీసా వైపు చూసి, "నేను పిల్లలమర్రినైతినే" అన్నాడు. అప్పుడు మేమిద్దరం నవ్వాం. ఇప్పుడు ఎవరం ఆ మాట ఎత్తలేదు.

రాత్రి లాడ్జిలో నిద్ర పట్టక బుక్కు తిరగేస్తుంటే మధ్యలో ఒక పేజీ దొరికింది. 2009 అక్టోబరు. మామూలుగా బాకీలు రాసే వరసలోనే, రెండు ఊళ్ల చిల్లర మధ్యన, ఇలా ఉంది: "ఇంట్లో – అలంపురం." పైసల గడిలో ఏమీ లేదు.

ఇంట్లో అంటే అమ్మ. నాయిన ఎవరితోనైనా అమ్మ గురించి చెప్పాల్సి వస్తే "మా ఇంట్లో" అనేవాడు.

అమ్మ వైపు చూశాను. గోడ వైపు తిరిగి పడుకుంది, మెలకువగానే ఉంది. "చూసినవా" అంది. అంతే.

మూడో రోజు: బీచుపల్లి, రాజోలి, అలంపురం

భూత్పూర్ దగ్గర హైవే ఎక్కితే ఇక కర్నూలు దాకా తిన్నటి రోడ్డు. బీచుపల్లి దగ్గర కృష్ణ. అమ్మ బస్సులోంచే రూపాయి బిళ్ల నదిలోకి విసిరింది, బాకీ సంచిలోది కాదు, తన పర్సులోది.

2016 కృష్ణా పుష్కరాల 12 రోజులూ నాయిన ఇక్కడే, ఆంజనేయస్వామి గుడి ఘాట్ దగ్గర వాలంటీరు. ముసలివాళ్లను మెట్లు దింపడం, ఎక్కించడం. సరిగ్గా ఆ రోజుల్లోనే నా నిశ్చితార్థం. ముహూర్తం 10 గంటలకైతే ఆయన ఇంట్లో అడుగుపెట్టింది 9కి. మగపెళ్లివాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. గబగబా పంచె మార్చుకుని పీట మీద కూర్చున్నాడు. నా కళ్లన్నీ ఆయన పాదాల మీదే. రోజుల తరబడి నీళ్లలో నాని, వేళ్లు తెల్లగా ముడుతలు పడి, మడమల దగ్గర తోలు లేచి ఉన్నాయి. పాదాల మీద పారాణి పెట్టబోతే మండి కాలు వెనక్కి లాక్కున్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, పెళ్లయ్యాక కూడా రెండేళ్లు ఆ మాట దెప్పుతూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా తిరిగి అనలేదు. ఇప్పుడు బస్సు వంతెన దాటుతుంటే అమ్మ చెప్పింది. ఆ రోజు తెల్లవారుజామున 3 గంటలకు లేచి, దొరికిన లారీ ఎక్కి, రెండు చోట్ల మారి వచ్చాడట. మళ్లీ సాయంత్రమే వెళ్లిపోయాడు. అది నేను గమనించలేదు, ఫొటోల హడావుడిలో ఉన్నాను.

అలంపూర్ చౌరస్తాలో దిగి ముందు శాంతినగర్ మీదుగా రాజోలి. బుక్కులో రాజోలి పేరు మీద బాకీ ఏమీ లేదు. అమ్మకే చూడాలనుంది.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం, అవతల కర్నూలు మునిగాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద అది. నాయిన లీవు పెట్టి, మా వాడలోవాళ్లతో కలిసి బియ్యం, దుప్పట్లు, పులిహోర పొట్లాలు వ్యానులో వేసుకుని వచ్చాడు. 9 రోజులకు తిరిగొచ్చాడు. చొక్కా రంగు తెలియనంత ఒండ్రు. అమ్మ మూడు బకెట్లలో జాడించినా నీళ్లు ఎర్రగానే వచ్చేవట. "గుంట మగ్గాలు నిండా బురద. మగ్గం గుంట ఎక్కడుందో వాళ్లకే ఎరుకైతలేదు" అన్నాడట వచ్చిన రాత్రి. రాజోలిలో నేసేది గద్వాల చీరలు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు.

ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినబడితే అడిగి లోపలికి పోయాం. గుంటలో కాళ్లు పెట్టుకుని ఒకామె నేస్తోంది, అమ్మ వయసే. అమ్మ వరద మాట ఎత్తి, నల్లగొండ నుంచి వచ్చినవాళ్లు గుర్తున్నారా అంది.

"శానామంది వచ్చినారమ్మా. అప్పుడు ఎవురు ఎవుర్ని చూసినాం?" అందామె నాడె ఆపకుండానే. కొంచెం ఆగి, "పులిహోర పొట్లాలు గుర్తు. మూడు దినాలు అదే. ఇప్పటికీ ఇంట్లో పులిహోర చేస్తే మా పిల్లోళ్లు తినరు" అంది.

నేను అమ్మ మొహం చూశాను, బాధపడుతుందేమోనని. అమ్మ నవ్వు ఆపుకుంటోంది. "పులుపు మస్తు ఎక్కువేసిన్రు. నేను చెప్తనే ఉన్న" అంది నాతో. ఆ పులిహోర కలిపింది మా వాకిట్లోనే, అమ్మా వాడకట్టు ఆడవాళ్లూ కలిసి.

అలంపురం చేరేసరికి ఎండ దిగింది. నవబ్రహ్మ గుళ్లు బాదామి చాళుక్యుల నాటివి, ఏడో శతాబ్దం నుంచి కట్టినవి. ఎర్రరాయి మీద పొద్దు పడుతుంటే అమ్మ స్వర్గబ్రహ్మ గుడి చుట్టూ రెండుసార్లు తిరిగింది, మోకాలి సంగతే ఎత్తలేదు. జోగులాంబ గుడి పాతది పోయి ఎన్నో శతాబ్దాలు అమ్మవారు బాలబ్రహ్మ గుళ్లోనే ఉంది. కొత్త గుడి 2005లో అయింది. నాయిన 2009లో ఆ గుడి మెట్ల మీద కూర్చుని, నీళ్లు తగ్గాక ఇంట్లోవాళ్లను తీసుకొస్తానని మొక్కుకున్నాడట. తర్వాత నా చదువు, తమ్ముడి ఫీజులు, పెళ్లి, ఆ తర్వాత నా కాన్పులు. కర్నూలు దాకా ఫ్యామిలీ పాసు ఉన్నా రాలేకపోయారు.

దర్శనం అయ్యాక నేను హుండీ చూపించి, ఇవ్వలేని బాకీలు ఇందులో వేద్దామా అన్నాను. అమ్మ కసురుకుంది. "అవి దేవుడియా? జనానియి." తుంగభద్ర ఒడ్డున కూర్చుని బుక్కు అడిగింది. కళ్లజోడు పెట్టుకుని, "ఇంట్లో – అలంపురం" అన్న వరస మీద తనే గీత గీసింది, చెల్లు అని రాసింది. నాయిన రాసే పొట్టి 'చె' కంటే పెద్దగా.

నాలుగో రోజు: ఇంటికి

తిరుగు ప్రయాణం చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున బయల్దేరి మహబూబ్‌నగర్, అక్కడి నుంచి నల్లగొండ బస్సు. కల్వకుర్తిలో ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కున్నాం. సంచిలో ఇంకా 370 పైచిలుకు ఉంది. 61 బాకీల్లో తీరినవి ఆరో ఏడో. ఇక మిగతావి ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకోవాల్సిందేనా అని నేను లోపల అనుకుంటున్నాను.

కొండమల్లేపల్లి దాటాక కుర్ర కండక్టరు ఒక తాతకు టికెట్ ఇచ్చి, "ఐదు రూపాయలు దిగేటప్పుడు ఇస్త తాతా" అని టికెట్ వెనకాల రాశాడు. తెల్ల టవల్ తాత. నాలుగు స్టేజీల తర్వాత ఆయన దిగిపోయాడు, కండక్టరు వెనక సీట్లలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "రైట్" అన్నాడు. బస్సు కదిలింది.

"హోల్డన్!"

అరిచింది అమ్మ. 32 ఏళ్లు నాయిన నిద్రలో కలవరిస్తుంటే విన్న మాట అది. డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. ఒళ్లో పల్లికాయలు కింద దొర్లాయి. బస్సంతా అమ్మ వైపు తిరిగింది. అమ్మ అప్పటికే సంచి మూతి విప్పి, కిటికీలోంచి చేయి బయటపెట్టి పిలుస్తోంది. "ఓ పెద్దాయనా, నీ ఐదు రూపాయలు!" తాత వెనక్కి నడిచొచ్చి తీసుకుని, టికెట్ వెనక చూసుకుని, తలూపి పోయాడు.

కండక్టరు ముందుకొచ్చాడు. "నేను ఇచ్చేవాణ్ని కదమ్మా, మీకెందుకు?"

"మా దగ్గర చిల్లర ఉన్నది బాబూ. నీకు లేకుంటే అడుగు, నల్లగొండ దాక ఇక్కడనే కూసుంట" అంది అమ్మ, సంచి ఒళ్లో పెట్టుకుని. తర్వాత నా వైపు తిరిగి, రాసుకో అంది.

నేను పెన్ను తీసి రాశాను. తెల్ల టవల్ తాత, 5.00, చెల్లు.